పాత కంప్యూటర్లకు ప్రాణము పోయువారు

ఒకప్పుడు రేడియో గల యింట, దానిని బాగుచేయువాని పేరు తెలియనివారుండెడివారు కారు. సెట్టు మూగవోయిన దినమున అతడు వచ్చి, వెనుక అట్ట విప్పి, ఒక్కొక్క వాల్వును వ్రేలితో తట్టి చూచి, లోపమును కనిపెట్టెడివాడు. అతని శ్రమకు మనము ప్రతిఫల మిచ్చెడివారము. అట్టి విద్యనే జీవనోపాధికై గాక కేవలము ఇష్టముచే నేర్చి, తమవలెనే పాత యంత్రములను ప్రేమించు ఇతరులకు ఉచితముగా అందించువారు కొందఱు కలరు. వారు చేపట్టు యంత్రము రేడియోయే కానక్కరలేదు. ముప్పది నలుబది యేండ్ల క్రిందటి కంప్యూటరు కావచ్చును. అట్టివారు చేయు పని యెట్టిదో, నెల్లూరు సముద్రతీరమున నివసించు మనకు అది యేల ముఖ్యమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కంప్యూటరు పాతదగుటకు ఎక్కువ కాలము పట్టదు. చక్కగా చూచుకొన్న వాల్వు రేడియో రెండు తరములవారికి పాట వినిపించును. కంప్యూటరునకు అంత ఆయువు లేదు. కొన్న పదేండ్లకే దాని భాగములు అంగడిలో దొరకవు. ఇరువదియేండ్లకు దానిని తయారుచేసిన కంపెనీయే మూతపడి యుండవచ్చును. ముప్పదియేండ్లకు దాని లోపలి సంగతులు తెలిసినవారు అరుదగుదురు. అప్పుడది అటక మీదికో, పాత ఇనుప సామానుల దుకాణమునకో చేరును. పోయినది ఒక పెట్టెయే గదా యని మన మనుకొందుము.

పోవునది పెట్టె మాత్రమే కాదు. తాటాకు గ్రంథమును చదువుటకు కన్నులును లిపిజ్ఞానమును ఉన్న చాలును. 19వ శతాబ్దమున బ్రౌను దొర తన సొమ్ము వెచ్చించి, పండితులను నియమించి, శిథిలమగుచున్న తెలుగు ప్రతులకు శుద్ధప్రతులు వ్రాయించెను. ఆకు ఎంత చివికినను, అక్షరము కంటికి కనబడినంత కాలము ఆ పని సాధ్యమయ్యెను. ఫ్లాపీ డిస్కులో దాచిన వ్రాత అట్టిది కాదు. అందున్నవి కంటికి కనబడని అయస్కాంతపు గుర్తులు. వానిని చదువుటకు ఆ కాలపు డ్రైవు కావలెను. ఆ డ్రైవును నడుపు కంప్యూటరు కావలెను. ఆ కంప్యూటరునకు ఆ కాలపు ప్రోగ్రాము కావలెను. ఇందులో ఏ ఒక్కటి లేకున్నను తక్కినవి నిష్ప్రయోజనములు.

తెలుగు వ్రాతకు మరియొక చిక్కు కలదు. 1980 దశకమున కాన్పూరు ఐ.ఐ.టి.లో రూపొంది, అనంతరము పూనాయందలి సి-డాక్ సంస్థ ద్వారా వ్యాప్తికి వచ్చిన 'జిస్ట్' అను సాంకేతిక పద్ధతివలన, ఒక కార్డును లోపల అమర్చిన కంప్యూటరుపై భారతీయ లిపులు కనబడసాగినవి. 1991వ సంవత్సరమున భారతీయ లిపులకు 'ఇస్కీ' అను సంకేతపద్ధతి జాతీయ ప్రమాణమైనది. అదే సంవత్సరమున వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందును తెలుగునకు స్థానము లభించినది. కాని యూనికోడు వాడుక అచ్చుకూటములకును ఇండ్లకును చేరుటకు మరి చాల యేండ్లు పట్టినది. ఈ నడుమ ఒక్కొక్క ఫాంటు తన సొంత సంకేతములతో నడచినది. ఒకదానిలో 'క' అయినది మరియొకదానిలో వేరొక గుర్తు. అందువలన ఆనాడు టైపుచేసిన ఊరి చరిత్రయో, నాటకమో, పద్యకావ్యమో నేటి కంప్యూటరులో తెరచిన, అర్థము లేని గీతలుగా కనబడవచ్చును. దానిని మరల తెలుగుగా చూడవలెనన్న, ఆ కాలపు యంత్రమే మనకు తాళపుచెవి.

ఇక మన తీరపు సంగతి. మైపాడు మొదలు కృష్ణపట్నము వరకు, అల్లూరు ప్రక్కనున్న ఇసకపల్లి ఉప్పుమడుల మొదలు ఉత్తరమున రామాయపట్నము వరకు, ఏడాది పొడుగునను వీచునది ఉప్పుగాలి. కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పుపట్టునో ఇక్కడి గృహిణులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ఉప్పు, గాలిలోని తేమతో గలిసి యంత్రములోనికిని పోవును. రాగితీగలపై పచ్చని చిలుము పట్టును. చిప్పుల కాళ్లు నల్లబడును. అతుకుల నడుమ విద్యుత్తు సరిగా పారదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము తెచ్చు తేమకు కాసెట్టు టేపులును ఫ్లాపీలును బూజుపట్టును. తుపానులు వేరు. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన 'గే' తుపాను వంటివి వచ్చినపుడు, 2015 నవంబరులో వలె జిల్లా జలమయమైనపుడు, ఇండ్లలో తడియునవి ధాన్యమును బట్టలును మాత్రమే కావు.

లోపలి నుండియు శత్రువులు కలవు. 1980, 1990 దశకముల నాటి అనేక కంప్యూటర్ల ప్రధాన ఫలకముపై, గడియారమును నడుపుటకు చిన్న బ్యాటరీని అతికించెడివారు. అది ముదిరిన పిదప కారును. కారిన క్షారము రాగిబాటలను క్రమముగా తినివేయును. యంత్రమును వాడకుండ అటకపై నుంచినను ఈ నాశము ఆగదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోవును, లేదా కారును. కొన్ని చిప్పులలో ప్రోగ్రామును విద్యుదావేశ రూపమున నిలిపియుంచెదరు. దశాబ్దములు గడచిన కొలది ఆ ఆవేశము కొంచెము కొంచెముగ జారిపోయి, చివరకు యంత్రము తన మొదటి పాఠమునే మరచిపోవును.

ఇట్టి యంత్రమును బ్రతికించుట యెట్లు? అనుభవజ్ఞులు మొదట చెప్పు మాట, దానికి వెంటనే కరెంటు ఇవ్వరాదని. ఆత్రపడి మీట నొక్కినచో, మిగిలియున్న భాగములును కాలిపోవచ్చును. మొదట మూత విప్పి, దుమ్ము దులిపి, కన్నులతో పరీక్షింపవలెను. కారిన బ్యాటరీని తీసివేసి, ఆ చోటును కొంచెము వెనిగరుతో తుడిచి, క్షారమును విరిచి, శుద్ధజలముతో కడిగి, పూర్తిగా ఆరబెట్టవలెను. వరదనీట తడిసిన ఫలకమునకును శుద్ధజలముతో కడుగుటయే మేలు. లోపల ఉప్పును బురదను ఉంచి ఆరబెట్టిన, తేమ తగిలినపుడెల్ల ఆ ఉప్పు తన పని తాను చేయుచునే యుండును.

తరువాత విద్యుత్తు నందించు భాగమును విడదీసి, ప్రత్యేకముగా పరీక్షింతురు. కంప్యూటరు చిప్పులలో పెక్కింటికి కావలసినది 5 వోల్టులు మాత్రమే. ఆ భాగము చెడి 7 వోల్టులకు మించి పంపినచో, చిప్పులన్నియు ఒక్కసారిగా నశింపవచ్చును. కావున మీటరుతో కొలిచి, సరియని తేలిన పిదపనే ఫలకమునకు కలుపుదురు. పాత వాల్వు సెట్లను లేపునపుడు మన రేడియో మెకానిక్కులు కరెంటు దారిలో ఒక బల్బును వరుసగా కలుపుట పాఠకులలో కొందఱు చూచియే యుందురు. లోపల షార్టు ఉన్నచో ఆ బల్బు పూర్తిగా వెలిగి, సెట్టును కాపాడును. తొందరపాటును ఆపుటయే ఈ విద్యలన్నింటికిని మూలము. ఒక హెచ్చరిక కూడ అవసరము. పాత మానిటరులోని పిక్చరు ట్యూబునందును, విద్యుత్తు భాగములోని పెద్ద కెపాసిటర్లయందును, ప్లగ్గు తీసిన తరువాత గూడ ప్రాణాపాయకరమగు ఆవేశము నిలిచియుండవచ్చును. తెలియనివారు వానిని తాకరాదు.

ఇంతవరకు చెప్పినది ఒక్కడు తన యింట కూర్చుండి చేయదగినదే. కాని దీని తరువాత ఒంటరివాని దారి మూసికొనిపోవును. ఈ ఫలకముపై ఈ చిప్పు ఏమిచేయును? ఈ తీగ ఎక్కడికి పోవును? నశించిన ప్రోగ్రామును ఎక్కడనుండి తేవలెను? ఇట్టి ప్రశ్నలకు జవాబు మరియొకని చేతిలో ఉండును. ఒకరివద్ద అదే యంత్రపు సర్క్యూటు పటము ఉండును. మరియొకరివద్ద చెడని చిప్పు ఉండును. అందలి ప్రోగ్రామును చదివి, ప్రతి తీసి పంపుదురు. వేరొకరు అదే లోపముతో పది యంత్రములను చూచియుందురు. మీరు చెప్పిన లక్షణములు విని, దూరమునుండియే ఫలానిచోట కొలిచి చూడుడని చెప్పుదురు. మన మీ వ్యాసమున అభినందింపదలచినది ప్రధానముగా వీరినే. తన యంత్రమును తాను బాగుచేసికొనుట ముచ్చట. ముఖమెరుగనివాని యంత్రముకొఱకు తన రాత్రి నిద్ర మానుకొనుట ఉదారత.

ఇట్టి ఉదారతవలన ఎంతటి కార్యము సాధ్యమగునో తెలుపుటకు ఇంగ్లండులో జరిగిన ఒక ఉదాహరణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనుల రహస్య సందేశములను ఛేదించుటకై టామీ ఫ్లవర్స్ అను తపాలాశాఖ ఇంజనీరు 'కొలొసస్' అను యంత్రమును నిర్మించెను. అది 1944 ఫిబ్రవరిలో బ్లెచ్లీ పార్కున పని ప్రారంభించినది. మన యింటి పాత రేడియోలో అయిదారు వాల్వులుండెడివి. కొలొసస్ రెండవ నమూనాలో సుమారు 2,400 వాల్వులు! వాల్వులు తరచు మాడిపోవునవి గదా, అన్ని వాల్వులతో యంత్రము ఎట్లు నిలుచునని పలువురు సందేహించిరి. మాటిమాటికి ఆర్పి వెలిగించుటచేతనే అవి చెడునని, ఎల్లప్పుడు వెలుగుచుండనిచ్చిన చిరకాలము పనిచేయునని ఫ్లవర్స్ అనుభవమువలన ఎరుగును. ఆయన నమ్మకము నిజమయ్యెను.

యుద్ధానంతరము ఆ యంత్రములలో చాలవరకు విడగొట్టబడినవి. పటములు దగ్ధము చేయబడినవి. రహస్యము 1970 దశకము వరకు వెలికి రాలేదు. 1993వ సంవత్సరమున టోనీ సేల్ అను ఇంజనీరు కొలొసస్‌ను మరల నిర్మింప పూనుకొన్నపుడు ఆయన చేతనున్నవి యుద్ధకాలపు ఫోటోలు ఎనిమిది, పాత ఇంజనీర్లు రహస్యముగా దాచుకొన్న సర్క్యూటు పటముల తునకలు కొన్ని. ఆ యంత్రముపై యౌవనమున పనిచేసినవారు అప్పటికి వృద్ధులు. వారు వచ్చి, తమకు జ్ఞాపకమున్నంతవరకు చెప్పిరి. విప్పివేయబడుచున్న పాత టెలిఫోను ఎక్స్ఛేంజీలనుండి భాగములు లభించినవి. స్వచ్ఛంద సేవకులు అనేకులు చేతులు కలిపిరి. 1996లో యంత్రము తొలిసారి కదలినది. వృద్ధుడైన ఫ్లవర్స్ ఆ సన్నివేశమును కన్నులార చూచెను. 2007 నాటికి పునర్నిర్మాణము పూర్తియైనది. ఈ పని మరి పదేండ్లు ఆలస్యమైయున్నచో, చెప్పువారెవ్వరును మిగిలియుండెడివారు కారు. యంత్రముకంటె ముందుగా గతించునది దాని నెరిగిన మనుష్యుడు.

ఈ మాట మనకును వర్తించును. 1967వ సంవత్సరమున హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. దాని రూపకల్పన ట్రాంబేయందలి అణుపరిశోధనకేంద్రమున జరిగినది. 1970 దశకమున టి.డి.సి.-312, టి.డి.సి.-316 అనునవి వచ్చినవి. ఆ సంస్థను తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన తెలుగువారు. వారి పేరనే హైదరాబాదున ఏ.ఎస్. రావు నగరు వెలసినది. ఆ తొలి యంత్రములపై ఇరువదియేండ్ల ప్రాయమున పనిచేసిన ఇంజనీర్లు నేడు డెబ్బదియేండ్లు దాటినవారు. వారి బీరువాలలో మిగిలిన పుస్తకములును పటములును, వారి నోటనున్న సంగతులును కాపాడదగినవి. అట్టివారు మన పాఠకుల కుటుంబములలో ఉన్నచో, ఆ కాగితములను చిత్తుకాగితములవానికి వేయక, వారిచేత నాలుగు మాటలు చెప్పించి వ్రాసికొనుట మంచిది.

కంప్యూటరునకును రేడియోకును గల చుట్టరికమును గూడ ఇచట చెప్పవలెను. 1981 డిసెంబరులో ఇంగ్లండున వెలువడిన 'బి.బి.సి. మైక్రో' అను కంప్యూటరు ఒక ప్రసార సంస్థ ప్రోత్సాహమున పుట్టినది. ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పు ప్రసారములకు తోడుగా ఒక యంత్రము కావలెనని బి.బి.సి. కోరగా, కేంబ్రిడ్జిలోని ఎకార్న్ కంపెనీ దానిని తయారుచేసెను. 1984లో మన దేశమున పాఠశాలలలో కంప్యూటరు పరిచయము కలిగించుటకై 'క్లాస్' అను పథకము 250 పాఠశాలలతో మొదలైనపుడు, పిల్లల యెదుట పెట్టినది ఈ యంత్రమునే. హాలండు దేశమున 1980 దశకమున ఎన్.ఓ.ఎస్. రేడియోవారు 'హాబీస్కూప్' అను కార్యక్రమమున కంప్యూటరు ప్రోగ్రాములనే ధ్వనిరూపమున ప్రసారము చేసెడివారు. శ్రోతలు ఆ కీచుమను ధ్వనిని కాసెట్టుపై రికార్డుచేసి, తమ కంప్యూటరునకు వినిపింపగా, అది ప్రోగ్రాముగా మారెడిది! నేడు పాత కాసెట్టులనుండి ప్రోగ్రాములను వెలికితీయువారు, టేపు శుభ్రపరచుటలోను, తలను సరిచేయుటలోను రేడియో, టేప్‌రికార్డరు మెకానిక్కుల విద్యనే వాడుచున్నారు.

ఆ బి.బి.సి. మైక్రో విషయముననే మన తీరవాసులకు పనికివచ్చు పాఠమొకటి కలదు. దాని విద్యుత్తు భాగమున కాగితముతో చేసిన చిన్న కెపాసిటర్లు కలవు. కాలక్రమమున వాని పై తొడుగు బీటలువారును. బీటలగుండా తేమ లోపలికి చేరును. చాల యేండ్ల తరువాత కరెంటు ఇచ్చిన కొలది నిమిషములకు అవి పగిలి, గదినిండ దుర్గంధముతో పొగ లేచును. చూచినవారు యంత్రము పూర్తిగా కాలిపోయినదని తలచి పారవేయుదురు. నిజమునకు చాలసార్లు మార్చవలసినది కొద్ది ధర చేయు ఆ కెపాసిటర్లు మాత్రమే. ఈ సంగతి తెలిసినవాడు ఒక్క మాట చెప్పినచో, ఒక యంత్రము బ్రతుకును. తెలిసినవాడు మాట్లాడకున్నచో, అది పాత ఇనుములో చేరును.

ఇట్లు అడిగినవానికి నేర్పు మర్యాద మన అమెచ్యూర్ రేడియోవారికి చిరకాలముగా కలదు. హైదరాబాదునందు 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ అనేకులకు ఆ విద్యను నేర్పినది. ఆ సంస్థకు చెందిన భారతీప్రసాద్‌గారు 2004 డిసెంబరులో ఆ వేడుకపనిమీదనే పోర్టుబ్లెయిరునకు వెళ్లియుండగా, 26వ తేదీన సునామీ వచ్చినది. తీగలు తెగి దీవులు మూగవోయిన ఆ దినములలో ఆమె తన రేడియోతో వార్తలు పంపి, ఎందరికో తమవారి క్షేమమును తెలియజేసిరి. తీరిక వేళల నేర్చిన విద్య ఆపత్కాలమున ఎట్లు అక్కరకు వచ్చునో చెప్పుటకు తుపానుల తీరమున నివసించు మనకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

సహాయము కోరువారికిని కొన్ని మర్యాదలు కలవు. యంత్రము పేరు, నమూనా సంఖ్య స్పష్టముగా తెలుపవలెను. 'పనిచేయుటలేదు' అని మాత్రమే చెప్పక, మీట నొక్కినపుడు ఏమి వినబడినది, ఏమి కనబడినది, అంతకుముందు తామేమి చేసితిమి అనునవి వరుసగా చెప్పవలెను. పొరపాటున తప్పు తీగ కలిపియున్నచో, దానిని దాచరాదు. దాచిన తప్పును వెదకుటకు సహాయకునికి వారము దినములు పట్టవచ్చును. యంత్రము బాగుపడిన పిమ్మట, ఎట్లు బాగుపడినదో ఆయనకు తెలుపవలెను. ఆ జవాబు తరువాత అడుగువానికి దారి చూపును. సహాయము చేయువారిలో పెక్కుమంది కోరు ప్రతిఫలమింతే. తాము నేర్చినది వేరొకరికి నేర్పుట దానికంటెను మెరుగైన కృతజ్ఞత.

ప్రతి పాత యంత్రమును దాచవలెనని మేము చెప్పుట లేదు. వేలకొలది తయారైన సామాన్యపు కంప్యూటర్లన్నియు ఇండ్లలో నింపుకొన్నచో మనుష్యులకు చోటుండదు. బ్రతుకదని తేలిన దానినుండి పనికివచ్చు భాగములు తీసి అవసరమున్నవారికి ఇచ్చి, మిగిలినదానిని ప్రభుత్వ అనుమతిగల ఈ-వ్యర్థముల సంస్థకు అప్పగించుట మేలు. 2023 ఏప్రిల్ నుండి అమలులోనున్న నిబంధనల ఉద్దేశమును అదే. రాగికొఱకు తీగలను బహిరంగముగా కాల్చుట, పొగ పీల్చు పిల్లలకు హానికరము. కాని పారవేయుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందులో మరెక్కడను లేని వ్రాతగాని లెక్కగాని కలదా? ఇట్టి యంత్రము మరియొకరికి అవసరము కాగలదా? ఈ రెంటికిని జవాబు తెలియకున్నచో, తెలిసినవానిని అడుగుట ధర్మము.

ఈ పని చేయువారికి బిరుదులు లేవు, సన్మానములు లేవు. వారి మేజాపై ఒక సోల్డరింగు కడ్డీ, ఒక మీటరు, అరిగిన స్క్రూడ్రైవరు, ఎవరిదో ఒక విప్పిన యంత్రము ఉండును. ఇంటివారు కొంత విసుగుకొనుటయు కద్దు. అట్టి గృహములవారికి మా మనవి యొకటే. ఆ మేజాను వెంటనే సర్దివేయకుడు. దానిపై విప్పియున్నది ఒక బాలుని మొదటి కంప్యూటరు కావచ్చును, గతించిన ఒక తండ్రిగారి వ్రాతప్రతి కావచ్చును. ఇక తమ అటకపై పాత కంప్యూటరుగాని, ఫ్లాపీల పెట్టెగాని గల పాఠకులు, ఈశాన్యపు వానలు రాకముందే దానిని క్రిందికి దింపి, మీట నొక్కక, మొదట బ్యాటరీ కారినదేమో చూడుడు. ఆ తరువాతి ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఒకరు సిద్ధముగా నున్నారు. వారిని అడుగుటకు మనము మొగమాట పడనక్కరలేదు.